ఎండిన చెట్టు లావెక్కిన సంగతి

కొలతాయన కొండమీదివాళ్ల దగ్గర డబ్బు తిని, చచ్చిన చెట్టుని కూడా లావెక్కించి రాశాడని వీధి వీధంతా చెప్పుకున్నారు. పాలు పోసే చోట పుట్టిన ఆ మాట రొట్టెల కొట్టు దాటేసరికి ఆయనకి కొండమీద ఇల్లుందని అయింది. బస్సులు ఆగే చోటికి చేరేసరికి ఆ ఇంట్లో ఇంకో సంసారం కూడా వెలిసింది. మాటకి కాళ్లుండవు గానీ బస్సుకంటే ముందే చేరుతుంది. ఆయన తినలేదు. కొండమీద ఇల్లూ లేదు. ఇంకో సంసారం సంగతంటారా, ఉన్న సంసారంలోనే రోజుకి పది మాటలకి మించి మాట్లాడని మనిషి, రెండోదాన్ని ఏం మాటలు పెట్టి పోషిస్తాడు! అయితే చచ్చిన చెట్టు లావెక్కిన మాట మాత్రం నిజం. ఆయన తప్పేమీ లేదని అనడానికీ లేదు. ఏం తప్పు చేశాడో తెలియకుండా చేయని తప్పంతా నెత్తిన రుద్దారు, అదీ బాధ.

ఆయన చేసే పని ఏమిటో ఎదురింటివాళ్లకే సరిగ్గా తెలియదు. ఊరికి నీళ్లు వచ్చేది కొండమీది అడవిలోంచి. ఒకప్పుడు కొండవాళ్లు చెట్లు కొట్టి బొగ్గు కాల్చి అమ్ముకునేవాళ్లు. వాన పడితే మట్టి కొట్టుకొచ్చి కుళాయిలో టీ రంగు నీళ్లు వచ్చేవి, వాన వెలిస్తే నాలుగు రోజుల్లో వాగే ఎండిపోయేది. నీళ్ల ఆఫీసువాళ్లు వడపోత మీద వడపోత పెట్టి, మందు మీద మందు కలిపి, విసిగి వేసారి చివరికి కొండవాళ్లతో ఒప్పందానికొచ్చారు. చెట్లు కొట్టొద్దు, కాపలా కాయండి, చెట్టు మాకు చేసే చాకిరీకి కూలి మీకిస్తాం అన్నారు. నీళ్ల బిల్లు అడుగున చీమ తలకాయంత అక్షరాలతో 'అడవి రుసుము' అని ఉండేది అదే. చెట్టు నిలబడి ఉన్నందుకు పెద్ద వాటా, ఏడాదిలో లావెక్కినందుకు చిన్న వాటా. లావెక్కిందో లేదో ఎవరో ఒకరు కొలిచి చెప్పాలి కదా, ఆ ఎవరో ఒకరు ఈయన.

బిల్లు వచ్చినప్పుడల్లా ఎదురింటి పెద్దమ్మ దాన్ని పట్టుకుని వీధి దాటి వచ్చేది.

"ఊరికే నిలబడ్డ చెట్టుకి మనం జీతమివ్వడమేమిటే అమ్మాయ్? మా ఆయన ముప్పై ఏళ్లు ఊరికే నిలబడ్డాడు, ఒక్కడూ దమ్మిడీ ఇచ్చిన పాపాన పోలేదు."

"మీ ఆయన నీడన ఎవరైనా చల్లగా ఉన్నారా పెద్దమ్మా?" అనేది కొలతాయన భార్య, కుట్టుమిషను మీంచి తలెత్తకుండానే.

"అదీ నిజమేలే" అని పెద్దమ్మ బిల్లు మడిచి బొడ్లో దోపుకునేది.

కొలతాయన భార్యని వీధిలో మిషనావిడ అంటారు. ముందుగదిలో కిటికీ పక్కన కుట్టుమిషను, గోడకి అద్దం, అద్దం కింద చాక్‌పీసు ముక్కల డబ్బా, మూలన ఇస్త్రీ బల్ల. వీధిలో ఎవరి భుజం ఎంతో, ఎవరి నడుము ఏ ఏడాది ఎంత జరిగిందో ఆవిడ నోట్‌బుక్కులో ఉంటుంది. అది బయటపెడితే వీధిలో సగంమంది ఒకరి మొహం ఒకరు చూసుకోలేరు. ఆవిడ మాత్రం ఆ నోట్‌బుక్కు ఎవరికీ చూపించి ఎరగదు. మొగుడికీ పెళ్లానికీ కూడా ఒకరి కొలత ఇంకొకరికి చెప్పదు.

మొగుడి చొక్కాలన్నీ ఆవిడే కుట్టింది. ఒకే కాగితం నమూనా, ఒకటే మెడపట్టీ, మెడపట్టీ కింద బెత్తెడు దూరంలో రెండో గుండీ. ఇరవై మూడేళ్లలో మారినవల్లా రెండే. చొక్కా ముందు పొడవు ఏడాదికి కొంచెం కొంచెం తగ్గుతూ వచ్చింది, వెనక పొడవు పెరుగుతూ వచ్చింది. వంగిన మనిషికి మామూలు చొక్కా వేస్తే వెనక ఎత్తుకుపోతుంది, ముందు జారి సంచిలా వేలాడుతుంది. అలా కనబడకూడదనే ఆవిడ అలా కత్తిరించింది. ఆ మాట ఆయనకి చెప్పలేదు. చెప్పాల్సిన అవసరమూ ఆవిడకి తోచలేదు. మనిషికి తన వీపు తనకి కనబడదు, కనబడనిదాన్ని చూపించి ఏం ఉద్ధరించాలి?

ఆయన ఏటా వానలు వెనకబట్టాక రెండు నెలలు కొండెక్కేవాడు. పొద్దున్నే మొదటి బస్సెక్కి చివరి స్టాపులో దిగి, అక్కణ్ణుంచి నడక. అడవిలో పన్నెండు వందల అరవై చెట్లకి మొదళ్ల దగ్గర రేకు ముక్కల మీద నంబర్లు కొట్టి ఉన్నాయి. ఒక్కో చెట్టు దగ్గర ఆగి, నిక్కచ్చిగా రొమ్ము ఎత్తులో టేపు చుట్టి, చుట్టుకొలత పుస్తకంలో రాయాలి. కింద కొలిస్తే చెట్టు లావుగా వస్తుంది, పైన కొలిస్తే సన్నగా వస్తుంది. అందుకే ఎప్పుడూ ఒకే ఎత్తులో కొలవాలని రూలు. ఎండిపోయి నిలబడ్డ చెట్టునీ, పడిపోయేదాకా కొలవాల్సిందే. దాని తొర్రల్లో పిట్టలుంటాయి, దాని వేళ్లు ఇంకా మట్టిని పట్టుకునే ఉంటాయి.

సాయంత్రం ఇంటికొచ్చి వేడినీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చునేవాడు.

"ఎన్నయ్యాయి?" అనేది ఆవిడ.

"ముప్పై."

అంతే ఆ రోజుకి మాటలు.

ఇలా జరుగుతుండగా నీళ్ల ఆఫీసుకి కొత్తగా ఒక తనిఖీ అమ్మాయి వచ్చింది. సన్నగా, కళ్లజోడు పెట్టుకుని, మెట్లు రెండేసి చొప్పున ఎక్కే పిల్ల. పాత పుస్తకాలన్నీ దులిపి, ఒక్కో చెట్టు ఏటేటి కొలతలకీ గీత గీసి చూసింది. నాలుగు వందల పదిహేడో నంబరు చెట్టు పన్నెండేళ్ల కిందట ఎండిపోయిందని కొలతాయనే రాశాడు. అది ఎండిపోయాక కూడా ఏటా సన్నసన్నగా లావెక్కుతూ, పన్నెండేళ్లలో రెండున్నర సెంటీమీటర్లు పెరిగిందనీ ఆయనే రాశాడు.

ఆ అమ్మాయి పుస్తకం చంకలో పెట్టుకుని తిన్నగా ఇంటికే వచ్చింది. మిషనావిడ టీ పెట్టింది.

"పెద్దాయనా, ఏమీ అనుకోకండి. చచ్చిన చెట్టు లావెక్కడమేంటి?"

కొలతాయన పుస్తకం తీసుకుని దూరంగా పట్టుకుని చూశాడు. "నేను కొలిచిందే రాశాను."

"నిజంగా కొలిచారా? ఇంట్లో కూర్చుని..." ఆ అమ్మాయికి ఆ మాట పూర్తి చేయడం ఇష్టం లేకపోయింది.

"కొలిచాను."

"సరే. రొమ్ము ఎత్తు అని దేంతో చూస్తారు? ఆఫీసువాళ్లు కొలకర్ర ఇస్తారు కదా?"

"రెండో ఏడే విరిగింది. ఇంకోటి అడిగితే వస్తుందన్నారు. రాలేదు." ఆయన చెయ్యి తనంతట తనే చొక్కా మీదికి పోయింది. "కర్ర చివర సరిగ్గా ఇక్కడికొచ్చేది. రెండో గుండీకి. అప్పట్నుంచీ గుండీయే నా కర్ర."

తలుపు దగ్గర మిషనావిడ టీ కప్పుతో అక్కడే ఆగిపోయింది. ఆవిడకి ఆ క్షణంలోనే అర్థమైంది. తను ఏటా ముందు పొడవు తగ్గించిన మనిషి, ఏటా అదే గుండీతో చెట్లు కొలుస్తూ వచ్చాడు. మెడ కిందికొస్తే గుండీ కిందికి రాదా? గుండీ కిందికొస్తే టేపు చెట్టు లావుగా ఉన్నచోటికి రాదా? కప్పు బల్ల మీద పెట్టేసి వంటగదిలోకి వెళ్లిపోయింది.

తనిఖీ అమ్మాయికి మాత్రం అర్థం కాలేదు. అర్థమయ్యే వయసా అది! "పదిహేను రోజుల్లో రాతపూర్వకంగా సమాధానం ఇవ్వండి. లేకపోతే దొంగ కొలతలని రాసి పైకి పంపాలి. కొండవాళ్ల డబ్బు ఆపేస్తారు, మిమ్మల్నీ తీసేస్తారు" అని చెప్పి టీ తాగకుండానే వెళ్లింది. ఆయనకి పదవీ విరమణకి ఇంకా ఏడాది ఉంది. ఇరవై మూడేళ్లు ఎక్కి దిగిన మనిషిని చివరి ఏడాది దొంగ అని పంపిస్తారన్నమాట.

ఆ మాట బయటికెలా పొక్కిందో ఎవరికీ తెలియదు. తిరిగే కాలూ తిట్టే నోరూ ఊరుకోవంటారు. మర్నాటికే వీధిలో ఒకడు "చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకున్నాడు" అన్నాడు, ఇంకొకడు "కంచే చేను మేసింది" అన్నాడు. రవికలకి గుడ్డ ఇచ్చినవాళ్లు ఇద్దరు అర్జెంటేమీ లేదంటూ వెనక్కి పట్టుకుపోయారు.

ఎదురింటి పెద్దమ్మ మాత్రం పట్టుకుపోవడానికి కాదు, ఆరా తీయడానికొచ్చింది. కుర్చీ మిషను పక్కకి లాక్కుని కూర్చుంది.

"నాకు చెప్పవే. నేనెవరికి చెబుతాను?"

"మీకు చెప్తే వేరే ఇంకెవరికీ చెప్పక్కర్లేదు కదా పెద్దమ్మా."

"అబ్బో, నీ నోటికి కుట్లు వేసుకున్నావనుకున్నా, సూదులే ఉన్నాయన్నమాట! తిన్నాడా లేదా?"

"తినుంటే ఈ చిల్లు పైకప్పు కింద కూర్చుని మీ పెట్టీకోట్లకి నాడాలెందుకు ఎక్కిస్తాను?"

పెద్దమ్మ పైకప్పు చూసింది, కింద బకెట్టు చూసింది, లేచి వెళ్లిపోయింది.

ఆయన మాత్రం తెల్ల కాగితం ముందు పెట్టుకుని రోజూ కూర్చునేవాడు. 'అయ్యా' అని రాసేవాడు, ఆగిపోయేవాడు. మళ్లీ కొత్త కాగితం. అడిగితే "కొలిచిందే రాశాను. ఇంకేం రాయను?" అనేవాడు. భోజనం సగంలో లేచేవాడు. మిషనావిడ మింగలేక కక్కలేక పది రోజులు గడిపింది. నోట్‌బుక్కు చూపిస్తే ఆయన బయటపడతాడు. కానీ అలా బయటపడాలంటే, మీరు వంగిపోయారండీ, ఆ సంగతి ఇన్నేళ్లుగా నాకు తెలుసు, గుడ్డ కత్తిరించి దాచాను అని నలుగురిలో చెప్పాలి. దొంగ అనిపించుకున్న మనిషికి ముసలివాడు అని కూడా చెప్పడమా? ఏది తక్కువ బాధో ఆవిడకి తేలలేదు.

పదకొండో రోజున కొండావిడ దిగివచ్చింది. కొండమీద నలభై రెండు ఇళ్లకి పెద్ద ఆవిడే. బలమైన మనిషి, బూట్లకి మట్టి. గుమ్మంలోనే నిలబడింది.

"వదినా, మీ ఆయనకి మేం లంచమిచ్చామట కదా. మేం ఇచ్చిందల్లా మంచినీళ్లు. ఒకసారి జ్వరమొస్తే గొంగడి. ఆ గొంగడి కూడా ఉతికి తిరిగిచ్చాడు."

"లోపలికి రా. నిలబడి మాట్లాడకు."

"కూర్చుంటే లేవలేను, మోకాళ్లు పోయాయి." అయినా కూర్చుంది. "డబ్బు ఆపేస్తే మా వాళ్లు మళ్లీ బొగ్గుబట్టీలు వెలిగిస్తారు. వద్దని ఎన్నాళ్లు ఆపను? గొడ్డలి పక్కన పెట్టినవాడికి చేతులు ఊరుకోవు. అసలు ఈ లావేంటి, ఈ సన్నమేంటి వదినా? చెట్టు ఎంత లావెక్కిందని నీళ్లు అడుగుతాయా? అడవి ఉందా లేదా, మీ కుళాయిలో నీళ్లు తేటగా వస్తున్నాయా లేదా, అది చూడండి. చెట్టూ దానికి కాపలా కాసేవాళ్లూ రేయింబవళ్లు చేసే పనికి విలువ కట్టమంటే, టేపు తీసుకొచ్చి నడుము కొలుస్తారేంటి!"

"కొలిచి చూడందే ఎవరూ ఇవ్వరుగా" అంది మిషనావిడ నీరసంగా. "నేనూ కొలవందే కత్తెర పట్టను."

కొండావిడ మోకాళ్లు పట్టుకుని లేచింది. గదంతా కలయజూసి, "మా బతుకు ఇప్పుడు అన్న రాసే కాగితంలో ఉంది. ఆయనేమో కాగితం ముందు కూర్చుని కాగితంలాగే ఉన్నాడు" అంది.

ఆవిడ వెళ్లగానే మిషనావిడ కత్తెర పక్కన పెట్టి, నోట్‌బుక్కు సంచిలో వేసుకుంది. పెట్టె అడుగున దాచిన పాత చొక్కాలు మూడు తీసింది. ఒకటి ఉద్యోగంలో చేరినప్పటిది, ఒకటి పన్నెండేళ్ల కిందటిది, ఒకటి పోయిన ఏటిది. ఆయన చెట్లు కొలవడానికి పోయిన కాలమంతా ఆ మూడు చొక్కాల్లో ఉంది. మొగుడితో "మీరూ రండి" అంది. ఎక్కడికని ఆయన అడగలేదు.

నీళ్ల ఆఫీసులో మేడ మీద గది. కిటికీ అద్దం పగిలినచోట అట్టముక్క, ఫైళ్ల మీద దుమ్ము. మిషనావిడ మూడు చొక్కాలూ బల్ల మీద వరసగా పరిచింది.

"అమ్మాయ్, దొంగ కొలతలు రాసేవాడు బతికున్న చెట్లని పెంచుతాడా, చచ్చినదాన్ని పెంచుతాడా? ఇంట్లో కూర్చుని రాసే మనిషైతే చచ్చినదాని దగ్గర పోయిన ఏటి అంకే దించేసేవాడు. చెట్టు దగ్గరికి పోయి కొలిచాడు కాబట్టే ఇలా వచ్చింది. ఇవి చూడు. ముందు పొడవు చూడు."

ఆ అమ్మాయి కళ్లజోడు సర్దుకుని నోట్‌బుక్కు తిరగేసింది. తేదీలు, ముందు పొడవు, వెనక పొడవు. బల్ల మీది టేపు తీసి చొక్కాలు తనే కొలిచింది. రెండోసారి కూడా కొలిచింది. తర్వాత కొలకర్ర తీసుకొచ్చి, "పెద్దాయనా, ఒక్కసారి ఇలా నిలబడండి" అంది.

ఆయన నిలబడ్డాడు. నిటారుగా నిలబడాలని చూశాడు. గుండీ కొంచెం లేచింది, మళ్లీ దిగిపోయింది. కర్ర చివర గుండీ దగ్గర లేదు. గుండీకి పైన తొమ్మిది సెంటీమీటర్లు, దాదాపు మెడపట్టీ అంచున ఉంది. ఆ అమ్మాయి ఆ అంకె రాసుకుంది. మిషనావిడ గోడ మీది క్యాలెండరు వైపు చూసింది.

"ఆయనకి తెలీదమ్మా" అంది మిషనావిడ. "నేనే చెప్పలేదు. తెలిస్తే ఒక్క చెట్టు కూడా అలా కొలిచేవాడు కాదు. నా మాట నమ్ము."

"నమ్ముతానండీ. అదే రాస్తాను" అంది ఆ అమ్మాయి.

రాసింది కూడా. మోసం లేదు, కొలకర్ర ఇవ్వకపోవడం ఆఫీసు లోపం, ఎత్తు తగ్గిన సంగతి కొలిచే మనిషికి తెలియదు అని మూడు ముక్కలూ రాసింది. కానీ లెక్క లెక్కే. పన్నెండు వందల అరవై చెట్లనీ కర్ర పెట్టి మళ్లీ కొలవాలంది. మనిషినిస్తామన్నారు, ఆయన వద్దన్నాడు. తనే కొలుస్తానన్నాడు. ఆ కర్ర బస్సులో పట్టుకెళ్లడమే ఒక యాతన. కండక్టరు రోజూ "ఏంటి తాతా, చేపలకా?" అనేవాడు. నలభై ఆరు రోజులు ఎక్కాడు. ముప్పై చెట్లు అన్నవాడు ఇరవై ఎనిమిదికి దిగాడు, కొన్ని రోజులు ఇరవై. మిషనావిడ వేడినీళ్లు కాచి ఉంచేది. ఆయన ఒక కాలు పెట్టి, రెండోది పెట్టే ఓపిక లేక అలాగే ఉండేవాడు.

చివరికి తేలింది ఇదీ. ఒక్క చెట్టూ పోలేదు. అడవి అలాగే ఉంది, పెద్ద వాటా ఎక్కడికీ పోలేదు. లావెక్కినందుకిచ్చే చిన్న వాటాలో ఇన్నాళ్లూ ఎక్కువ ఇచ్చింది వచ్చే నాలుగేళ్లూ విరగ్గోస్తారు. కొండావిడ కబురు పంపింది, "బట్టీలు వెలగవులే. గొణుగుతున్నారు గానీ వెలిగించరు. అన్నని పడుకోమను." వీధి మాత్రం కొత్త సంగతి వినలేదు. పాతదానికే అలవాటు పడింది. గుడ్డ పట్టుకుపోయినవాళ్లలో ఒకావిడ తిరిగొచ్చింది, రెండో ఆవిడ రాలేదు.

పదిహేను రోజుల తర్వాత ఒక మధ్యాహ్నం, మిషనావిడ ఆయనకి కొత్త చొక్కా కోసం కొలత తీసుకోబోయింది. ఈసారి దాపరికం లేదు కనుక అద్దం ముందే నిలబెట్టింది. ముందు పొడవు, వెనక పొడవు చదివి పైకే చెప్పింది. ఆయన అద్దంలో తననే చూసుకుంటున్నాడు. ఆశ్చర్యమేమీ లేదు ఆ మొహంలో. అప్పుడే చూసిన మనిషి అలా చూడడు. ఆవిడ చేతిలో టేపు ఆగింది.

ఆఫీసులో నలుగురిలో తను చెప్పిన మాట ఆవిడకి గుర్తొచ్చింది. ఆయనకి తెలీదమ్మా, నా మాట నమ్ము. తనిఖీ అమ్మాయి దాన్ని కాగితం మీద పెట్టింది. కొండమీద నలభై రెండు ఇళ్లూ దాన్ని నమ్మి ఊరుకున్నాయి. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆవిడ ఆయన్ని నిలదీసి ఏదీ అడిగింది లేదు. టేపు మెడలో వేసుకుని, కుర్చీలో కూర్చుని, సూటిగా మొహంలోకి చూస్తూ అడిగింది.

"నిజం చెప్పండి. గుండీ దిగిపోయిందని మీకు తెలీదా?"

ఆయన అద్దం ముందు నుంచి జరిగాడు. తర్వాత ఇస్త్రీ బల్ల అంచు పట్టుకుని, ఎప్పుడూ లేనన్ని మాటలు ఒక్కసారే మాట్లాడాడు.

"తెలుసు. నాలుగేళ్లయింది. ఒక చెట్టు దగ్గర వంగి నంబరు చూసి లేచాను, పూర్తిగా లేవలేదు. లేచానేమో అనుకుని గుండీ చూసుకుంటే అది చెట్టు మీద పాత చోటుకి బాగా కింద ఉంది. అప్పుడే ఒక కర్ర కోసుకోవాల్సింది. చుట్టూ అడవే, కర్రకేం కరువు? కానీ ఆ రోజుకి ఇంకా పద్దెనిమిది చెట్లున్నాయి, చివరి బస్సు వెళ్లిపోతుంది, కాళ్లు పీకుతున్నాయి. రేపు చూద్దాంలే అనుకున్నాను. మర్నాడూ అలాగే అనుకున్నాను. ఎవరి దగ్గరా ఏమీ తీసుకోలేదే. అలిసిపోయాను, అంతే."